మాత్రికా, మాతృకా?

సందేహం: ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. ఇప్పుడు యూనివర్సిటీలో లీనియర్ ఆల్జీబ్రా మొదలైంది. పాఠమంతా ఇంగ్లీషులోనే. పక్కన తెలుగులో నోట్సు రాసుకుంటే గానీ నాకు బుర్రకెక్కదు. మ్యాట్రిక్స్‌ని, అంటే అడ్డువరుసలు, నిలువువరుసలుగా పేర్చిన సంఖ్యల పట్టికను, నేను 'మాత్రిక' అని రాస్తాను. నా రూమ్మేటు 'మాతృక' అని రాస్తుంది. మ్యాట్రిక్స్‌కి తల్లితో సంబంధం ఉందట, కాబట్టి మాతృకే ఒప్పు అంటుంది. ఎవరిది సరి? ఇంకొకటి: బహుపదులు (2x + 3 లాంటివి) కూడా సదిశలేనని, అంటే వెక్టర్లేనని మేడమ్ చెప్పారు. బహుపదికి దిశ ఎక్కడుందండీ? స్కూల్లో రేఖీయం (లీనియర్) అన్న దాన్ని ఇక్కడ రేఖీయం కాదంటున్నారు, అదేమిటో కూడా చెప్పండి. ఐగెన్‌వెక్టర్‌కు నోట్సులో ఏం రాయాలో కూడా తోచడం లేదు.

సమాధానం: గణితంలో 'మాత్రిక' అనే రాయండి. తెలుగు అకాడమీ ఇంటర్ మొదటి సంవత్సరం పుస్తకంలో మూడో అధ్యాయం పేరు 'మాత్రికలు'. వర్గ మాత్రిక, శూన్య మాత్రిక, విలోమ మాత్రిక అంటూ ఆ మాట చుట్టూ ఓ సంసారమే ఏర్పడింది. దాన్నిప్పుడు చెదరగొట్టనక్కర్లేదు.

అలాగని మీ రూమ్మేటు మాట తీసిపారేసేది కాదు. మ్యాట్రిక్స్ అనే పేరును 1850లో గణితంలోకి తెచ్చింది ఇంగ్లండు గణితవేత్త జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్. లాటిన్‌లో ఆ మాటకు గర్భాశయం అని అర్థం. తల్లిని వాళ్లు 'మాతర్' అంటారు, అదీ మన 'మాతృ' శబ్దమూ ఒక కుదుట్లోవే. సంఖ్యల పట్టికలోంచి కొన్ని అడ్డువరుసలు, కొన్ని నిలువువరుసలు ఏరుకుంటూ పోతే ఎన్నో నిర్ధారకాలు (చదరపు పట్టికలోని అంకెల నుంచి లెక్కగట్టే ఒక్కో సంఖ్య) పుట్టుకొస్తాయి గదా, కాబట్టి ఆ పట్టిక వాటికి తల్లికడుపు అని సిల్వెస్టర్ ఊహ. తమాషా ఏమిటంటే, బిడ్డకు బారసాల అయ్యాక ఎన్నో ఏళ్లకు తల్లికి పేరు పెట్టారు. నిర్ధారకాన్ని నేటి అర్థంలో 'డిటర్మినెంట్' అని ఫ్రాన్సు గణితవేత్త కోషీ 1812లోనే అనేశాడు.

అర్థం చూస్తే మాతృకే దగ్గర. కన్నడంవారు 'మాతృకె' అనే వాడుతున్నారు. మరి మనకేం అడ్డం? మన ఇంట్లో ఆ మాట ఇప్పటికే ఇంకో పనిలో ఉంది. నన్నయ భారతానికి మాతృక వ్యాసభారతం. రీమేకు సినిమాకు మాతృక ఏ తమిళ సినిమానో. దేన్ని చూసి మరొకటి చేశారో అది మాతృక. గుళ్లోకి వెళ్తే సప్తమాతృకలున్నారు. ఇదే మాటకు గణితం కూడా అప్పగిస్తే ఏమవుతుందో ఈ వాక్యంలో చూడండి: 'ఈ అనువాద గ్రంథంలోని మాతృకలు మాతృకలో ఉన్నట్టు లేవు.' దీన్ని దిద్దే ప్రూఫ్‌రీడరు గతేమిటి? నా చేతికొచ్చిన ఒక ప్రూఫులో ఇలాగే జరిగింది. అచ్చుతప్పు దిద్దుతున్నాననుకుని ఎవరో పుణ్యాత్ములు అధ్యాయమంతా మాత్రికల్ని మాతృకలుగా మార్చేశారు. మళ్లీ కూర్చుని ఒక్కొక్క ఋకారాన్నీ గుడిగా మార్చుకొచ్చేసరికి సాయంత్రమైంది.

చెవి కూడా ఈ తికమకకు కొంత సాయం చేస్తుంది. మనం ఋకారాన్ని 'రు' అని పలుకుతాం, కాబట్టి మాతృక మన నోట 'మాత్రుక' అవుతుంది. ఉత్తరాదివారు 'రి' అంటారు. మన క్రుష్ణుడు వాళ్లకు క్రిష్ణుడు. వాళ్ల నోట మాతృక వింటే అచ్చం మన పాఠ్యపుస్తకం మాటలాగే ఉంటుంది. హిందీ గణితం ఈ రెంటి జోలికీ పోకుండా 'ఆవ్యూహ్' అంటుంది, యుద్ధవ్యూహంలో సేనను నిలిపినట్టు సంఖ్యల్ని నిలపడమన్నమాట. తమిళులు 'అణి' అంటారు. అంటే బారు. నన్నడిగితే రూపాన్ని కళ్లకు కట్టడంలో ఆ రెండు మాటలూ మన మాటకన్నా మెరుగు.

మన 'మాత్రిక' వింటే గుర్తొచ్చేది మాత్ర. మాత్ర అంటే కొలత, పరిమాణం. 'ఆ మాత్రం తెలీదా?' అన్నప్పుడూ ఈ కొలతే. వైద్యుడు కొలిచి ఇచ్చే మాత్రా ఇదే. ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. అంకెలతో నిండిన పట్టికకు కొలతను గుర్తుచేసే పేరు అతకకపోలేదు, పైగా ధ్వనిలో ఇంగ్లీషు మాటకు దగ్గరగా ఉంది. తరగతిలో 'ఆ మ్యాట్రిక్స్‌ని ఇన్వర్స్ చెయ్యి' అనుకుంటారనుకోండి, అనుకోండి. మాట్లాడేటప్పుడు ఎవరూ నిఘంటువు పట్టుకు తిరగరు.

ఇక సదిశ. ఇది మీరు అడిగిన వాటిలో అసలైన ప్రశ్న.

'స' అంటే కూడిన. సకుటుంబంగా, సపరివారంగా అన్నట్టే దిశతో కూడినది సదిశ, అది లేనిది అదిశ. ఇంగ్లీషు వెక్టర్‌లో దిశ ఊసే లేదు. లాటిన్‌లో అది 'మోసుకుపోయేది'. అందుకే జీవశాస్త్రంలో మలేరియా మోసే దోమ కూడా వెక్టరే. మనవాళ్లు తెలివిగా దోమకు వాహకం అనీ, బాణానికి సదిశ అనీ రెండు పేర్లు పెట్టారు. ఇంటర్ భౌతికశాస్త్రం వరకూ సదిశతో ఇబ్బందేమీ రాదు. బలం, వేగం, స్థానభ్రంశం, అన్నిటికీ దిశ ఉంది.

యూనివర్సిటీకి వచ్చేసరికి నిర్వచనం మారింది. ఇటలీ గణితవేత్త పియానో 1888లో చెప్పిన దారి ఇది: వస్తువు ఏదైనా కానివ్వండి, ఒకదానితో ఒకటి కూడటం, సంఖ్యతో గుణించటం కుదిరి, అవి కొన్ని నియమాలకు లోబడితే చాలు, ఆ వస్తువుల సమితి సదిశాంతరాళం. బాణం అడగరు, దిక్కు అడగరు.

బహుపది ఇందులో ఎలా ఇముడుతుందో భాస్కరాచార్యుడి రాతలో చూస్తే మీకు ఇట్టే తెలుస్తుంది. 12వ శతాబ్దపు ఆయన బీజగణితంలో తెలియని రాశి పేరు 'యావత్తావత్', దాని పొడి అక్షరం 'యా'. విడి సంఖ్యకు 'రూపం', పొట్టిగా 'రూ'. రెండో తెలియని రాశి వస్తే కాలకం, మూడోది నీలకం, అలా రంగుల పేర్లు. 'యా 2 రూ 3'కి 'యా 1 రూ 4' కలపండి. 'యా 3 రూ 7' వస్తుంది. యా గడిలోవి యా గడిలో, రూ గడిలోవి రూ గడిలో కూడాయి. సరిగ్గా ఇదే పని మీరు (2, 3), (1, 4) అనే బాణాలతోనూ చేస్తారు. రెండు చోట్లా లెక్క ఒక్కటే అయినప్పుడు పేరు మాత్రం వేరెందుకు? అందుకే బహుపదీ సదిశే అయింది. భాస్కరుడికి సదిశాంతరాళం తెలుసని నేను అనటం లేదు, అలాంటి గొప్పలు మనకొద్దు. ఆ రాతపద్ధతి మాత్రం మీ నోట్సుకు పనికొస్తుంది.

'అయినా దిశ లేనిదాన్ని సదిశ అంటే తప్పు కాదా?' అంటారేమో. వంటింట్లోకి వెళ్లండి. 'నూనె' అంటే నూ నెయ్యి, అంటే నువ్వుల నెయ్యి. పుట్టుకలో ఆ మాట నువ్వులకే చెందింది. మరి కొబ్బరి నూనె, వేరుశనగ నూనె, ఆముదపు నూనె? వాటిలో నువ్వుగింజ ఉందా? పైగా ఇప్పుడు అసలుదానికి 'నువ్వుల నూనె' అని నువ్వుల్ని రెండుసార్లు చెప్పుకోవాల్సి వస్తోంది. సంస్కృతంలో 'తైలం'ది కూడా ఇదే కథ, తిలలు పోయి తైలం మిగిలింది. శాస్త్రంలో ఇలాంటి పేరును రూఢి అంటారు. అవయవాల అర్థం వెనక్కిపోయి, వాడుక ఇచ్చిన అర్థం ముందుకొస్తుంది. సదిశలో దిశ, నూనెలో నువ్వు అనుకుని ముందుకు సాగండి.

రేఖీయం దగ్గర చిక్కు వేరు. రేఖకు ఈయ ప్రత్యయం చేరి రేఖీయం అయింది, జాతీయం, భారతీయం లాగా. స్కూల్లో గ్రాఫు సరళరేఖ వస్తే చాలు, ఆ సమీకరణం రేఖీయం. యూనివర్సిటీలో రేఖీయ పరివర్తన (ఒక సదిశను ఇంకో సదిశగా మార్చే పద్ధతి) అంటే ఇంకాస్త గట్టి షరతు: విడివిడిగా చేసి కూడినా, కూడాక చేసినా ఒకే ఫలితం రావాలి, సంఖ్యతో గుణించటంలోనూ అంతే. ఒక ఆటో మీటరు ఎక్కగానే 3 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 2 చొప్పున వేస్తుందనుకోండి (ఆ రోజులు మళ్లీ రావు, లెక్క కోసం అంటున్నాను). రెండు కిలోమీటర్లు ఒకే ఊపున వెళ్తే 7 రూపాయలు. ఒక్కో కిలోమీటరుకూ దిగి మళ్లీ ఎక్కితే 5, 5 కలిసి 10. గ్రాఫు గీస్తే చక్కని సరళరేఖే, కానీ పరివర్తనగా రేఖీయం కాదు. ఎక్కగానే పడే ఆ 3 రూపాయలే చెడగొట్టింది. అది తీసేస్తే రేఖ సున్న గుండా పోతుంది, లెక్కా కుదురుతుంది. సమీకరణాల దగ్గర కొందరు 'ఏకఘాత' అని రాస్తారు. చరరాశి ఘాతం ఒకటే అని చెబుతుంది గనుక అది ఖచ్చితమైన మాటే. కానీ 'ఏకఘాత బీజగణితం' అనరాదు, ఆ పేరు వింటే అందులో సమీకరణాలు తప్ప ఇంకేమీ లేవనిపిస్తుంది. మొత్తం విషయానికి రేఖీయ బీజగణితమే ఉంచుకోండి.

మీ ఉత్తరం చివర, ఐగెన్‌వెక్టర్‌కు నోట్సులో ఏం రాయాలో తోచలేదన్నారు. ఐగెన్ జర్మన్ మాట, సొంత అని అర్థం. ఇంగ్లీషువాళ్లు దాన్ని అనువదించకుండా అలాగే వాడుతున్నారు. 'లాక్షణిక' అనే మాట చెలామణిలో ఉంది గానీ, అలంకారశాస్త్రం చదివినవారికి లాక్షణికార్థం అంటే వాచ్యార్థం కానిది, నాకు అది పలుకులో రాయిలా తగులుతుంది. పై అడ్డువరుసలో 2, 1, కింది అడ్డువరుసలో 1, 2 ఉన్న మాత్రికను తీసుకోండి. దాన్ని (1, 0) మీద ప్రయోగిస్తే, అంటే దానితో గుణిస్తే (2, 1) వస్తుంది, దారి మళ్లింది. (1, 1) మీద వేస్తే (3, 3), మూడింతలు సాగింది గానీ దారి తప్పలేదు. (1, −1) మీద వేస్తే కదలక మెదలక (1, −1) గానే ఉంది. ఈ చివరి రెండూ ఆ మాత్రికకు సొంత దిశలు. నేనైతే నోట్సులో 'స్వసదిశ' అని రాసుకుంటాను, 3, 1 అనే ఆ రెట్లను 'స్వవిలువలు' అంటాను. పరీక్ష కాగితంలో మాత్రం ఐగెన్ అనే రాసిరండి, దిద్దేవారికి ఈ ఉత్తరం అంది ఉండదు.