వెనకబడ్డవాడి సంగతేమిటి?

నాయనా,

అమెరికాలోని యూటాలో మీ ఆరుగురి బైక్ యాత్ర గురించి నువ్వు రాసింది చదివాను. భాష బాగుంది, అది నీకూ తెలుసు. కానీ మోకీ డగ్‌వే అనే ఆ కొండదారి దగ్గర "మాలో ఒకరు కాస్త వెనకబడ్డారు, కింద కలుసుకున్నాం" అని ఒక్క ముక్కలో తేల్చేసి, మాన్యుమెంట్ వ్యాలీ సూర్యాస్తమయానికి రెండు పేజీలు ఇచ్చావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది.

అది మామూలు రోడ్డా? యురేనియం ఖనిజం మోసే లారీల కోసం 1950ల్లో కొండచరియను తొలిచి వేసిన దారి. దాదాపు 3 మైళ్ళు కంకర, 11 శాతం వాలు, హెయిర్‌పిన్ మలుపులు. బండి వెనక టెంటు, స్లీపింగ్ బ్యాగు, నీళ్ళ క్యాన్లు. ముందు బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది, వెనక బ్రేకు ఒక్కటే ఆ వాలుకి చాలదు. ఆ మనిషి ఫస్ట్ గేర్లో కాళ్ళు నేలకి ఆనిస్తూ దిగాడా? బండి పడిందా? పడితే ఎత్తడానికి ఎవరు వెనక్కి నడిచారు? కింద నిలబడ్డ మిగతావాళ్ళు అతని గురించి ఏమనుకున్నారు? ఇదంతా మింగేసి నాకు సూర్యుణ్ణి చూపిస్తావేం?

గుంపుగా వెళ్ళినా గుంపుగా రాయకూడదు. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది. ఆరుగురూ ఒకేసారి ఆశ్చర్యపోరు, ఒకేసారి అలిసిపోరు. హాంక్స్‌విల్ ఊరు దాటాక 95వ నంబరు రోడ్డు మీద వంద మైళ్ళకు పైగా పెట్రోలు బంకుని నమ్ముకోలేం. అక్కడ గుంపు ఎంత దూరం పోగలదో తేల్చేది అందరికన్నా చిన్న ట్యాంకున్న బండే. ఎర్ర కొండలు చూసే తీరిక మిగతావాళ్ళకి ఉంటుంది. ఆ బండివాడి చూపంతా మీటరు మీదే. ఆ రోడ్డు అతని టెన్షన్‌తో రాయాలి.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక సంపాదకుడు నా యాత్రా వ్యాసంలో పంక్చరూ పోట్లాటా కొట్టేసి కొండలూ లోయలూ మాత్రం అచ్చేశాడు. "పాఠకులకు ఆహ్లాదం కావాలండీ" అన్నాడు. ఆ పోట్లాట కోసమే రాశానయ్యా అంటే వినలేదు. పారితోషికం కూడా ఎగ్గొట్టాడులే. ఇప్పుడా ఆహ్లాదం పని డ్రోన్ వీడియోలు చేస్తున్నాయి. అమెరికా నేషనల్ పార్కుల్లో 2014 నుంచి డ్రోన్లు ఎగరేయనివ్వట్లేదు, అదొక ఊరట. నువ్వు మాత్రం డ్రోన్ ఎక్కి రాసినట్టు రాశావు.

బ్రైస్ క్యాన్యన్ పేరా ఒక్కటి ముట్టుకోకు. 8,000 అడుగుల ఎత్తున, మే నెలలో, తెల్లారేసరికి సీసాలో నీళ్ళు గడ్డకట్టాయని, మూత తిప్పబోతే చేతికి రాలేదని రాశావే, అది నిజంగా నీది. ఎదురుగా ఉన్న రాతి స్తంభాలని చెక్కిందీ ఆ చలే, పగుళ్ళలోకి దిగిన నీళ్ళు గడ్డకట్టి, ఉబ్బి, రాయిని చీల్చడం వల్ల. ఆ మాట కూడా ఆ పేరా పక్కనే చేర్చు.

పుస్తకంగా ఎవరు వేస్తారని అడిగావు. అదలా ఉంచు. ముందు మిగతా ఐదుగురికీ ఒక్కొక్కరికే ఫోన్ చేసి మాట్లాడు, అందర్నీ కలిపి గ్రూప్ కాల్ పెట్టకు. డగ్‌వే భాగం మళ్ళీ రాసి పంపు.

ఆశీస్సులతో.