లినక్స్‌కు వైరస్ రాదని విండోస్‌ను పక్కన పెట్టొద్దు

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. సైబర్ సెక్యూరిటీలో ఉద్యోగం చేయాలనుంది. విండోస్‌ను ఎక్కువమంది వాడతారు కాబట్టే దానికి వైరస్‌లు ఎక్కువని, లినక్స్‌కు రావని సీనియర్లు అంటున్నారు. లినక్స్ ఒక్కటే నేర్చుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మీ సీనియర్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) రాసేవాడు పడ్డ శ్రమకు ఎంత గిట్టుబాటవుతుందో చూసుకుంటాడు. ఆఫీసుల్లో డెస్క్‌టాప్‌లు ఎక్కువగా విండోస్‌వే కాబట్టి ఫిషింగ్ మెయిల్‌తో వచ్చే ఫైళ్లలో అధికభాగం దానికోసమే తయారవుతాయి. కానీ వాడకాన్ని బట్టి తేలేది ఎవరి మీద గురి పెట్టాలన్నదే. ఆ దాడి పారుతుందా లేదా అన్నది డిఫాల్ట్ సెట్టింగులు, పర్మిషన్లు, ప్యాచ్‌ల (లోపాలను సరిచేసే అప్‌డేట్లు) మీద ఆధారపడుతుంది.

2001 జులైలో కోడ్ రెడ్ వార్మ్ (తనంతట తానే వ్యాపించే మాల్వేర్) వచ్చేనాటికి వెబ్ సర్వర్లలో పెద్ద వాటా అపాచీ అనే సాఫ్ట్‌వేర్‌ది. దెబ్బతిన్నది మాత్రం మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఐఐఎస్. అందులోని ఇండెక్సింగ్ భాగంలో బఫర్ ఓవర్‌ఫ్లో (కేటాయించిన మెమరీని దాటి డేటా రాసేసే లోపం) ఉంది. ఆ భాగంతో పనిలేని సర్వర్లలోనూ అది ఐఐఎస్‌తో పాటే ఇన్‌స్టాల్ అయ్యేది. నెల ముందే ప్యాచ్ వచ్చినా చాలామంది వేయలేదు. 2004 మార్చిలో వచ్చిన విట్టీ వార్మ్ సంగతి మరీ విచిత్రం. ఐఎస్‌ఎస్ అనే కంపెనీ ఫైర్‌వాల్ ఉత్పత్తులు వాడే కంప్యూటర్లే దాని లక్ష్యం. సోకినవి సుమారు 12 వేలే. అంత చిన్న గుంపునూ వదల్లేదన్నమాట.

లినక్స్ వాటా డెస్క్‌టాప్‌లలోనే తక్కువ. సర్వర్లు, రౌటర్లు, సీసీ కెమెరాల్లో అదే ఎక్కువ. 2016లో మిరాయ్ బాట్‌నెట్ (దాడి చేసేవాడి అదుపులోకి వెళ్లిన పరికరాల గుంపు) ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రౌటర్లను టెల్‌నెట్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి) ద్వారా పట్టేసింది. అందుకు 60కి పైగా యూజర్‌నేమ్-పాస్‌వర్డ్ జతల జాబితా సరిపోయింది, కొత్త లోపమేదీ వెతకాల్సిన పని పడలేదు. ఆండ్రాయిడ్‌లో నడిచేదీ లినక్స్ కెర్నలే (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం). పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైల్‌ను మనమే ఇన్‌స్టాల్ చేసి, ఎస్సెమ్మెస్ పర్మిషన్ కూడా ఇచ్చేస్తే ఓటీపీలు పోకుండా కెర్నల్ ఏం ఆపుతుంది?

ఇక ఉద్యోగం సంగతి. సాక్ అని పిలిచే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్లలో ఫ్రెషర్ల ముందుకు వచ్చే అలర్ట్‌లు చాలావరకు విండోస్‌వి, యాక్టివ్ డైరెక్టరీవే (ఆఫీసులోని యూజర్లను, కంప్యూటర్లను ఒకేచోట నిర్వహించే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ). క్లౌడ్ వైపు వెళ్తే లినక్స్ తప్పదు. కాబట్టి విండోస్ లాగ్‌లతో మొదలుపెట్టండి, లినక్స్‌ను వెంటే నడపండి.

ప్రాక్టీస్ ల్యాబ్ పెట్టుకోవడానికి ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంటే మంచిది. వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) 90 రోజుల విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్ ఎవాల్యుయేషన్‌కు 4 జీబీ, ఉబుంటు సర్వర్‌కు 2 జీబీ కేటాయించండి. ముందు న్యాట్ (ఇంటర్నెట్ అందే నెట్‌వర్క్ సెట్టింగ్) మీద ఉంచి అప్‌డేట్లు, విండోస్‌లో సిస్మాన్ (వివరమైన లాగ్‌లు నమోదు చేసే మైక్రోసాఫ్ట్ టూల్) ఇన్‌స్టాల్ చేసుకుని, తర్వాత రెండింటినీ హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్‌కు (మీ ల్యాప్‌టాప్ దాటి బయటకు పోనిది) మార్చి స్నాప్‌షాట్ (మళ్లీ వెనక్కి వెళ్లగలిగే కాపీ) తీసుకోండి. చాలామంది తప్పుచేసేది ఇక్కడే: బ్రిడ్జ్‌డ్ మోడ్‌లో (బయటి నెట్‌వర్క్‌లో నేరుగా కలిసే సెట్టింగ్) వదిలేస్తారు, షేర్డ్ ఫోల్డర్ తీసేయరు. అప్పుడు ల్యాబ్‌లో ఉండాల్సింది హాస్టల్ వైఫైలోకి దారి చేసుకుంటుంది. అసలు మాల్వేర్ శాంపిళ్లు ఇప్పుడే వద్దు. యాంటీవైరస్‌ను పరీక్షించడానికే తయారైన, హాని చేయని 68 అక్షరాల ఐకార్ టెస్ట్ ఫైల్‌తో యాంటీవైరస్ స్పందన చూడొచ్చు.

విండోస్‌లో తప్పు పాస్‌వర్డ్ కొట్టి 4625 ఈవెంట్‌ను (విఫలమైన లాగిన్ నమోదు), ఉబుంటులోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) అదేపని చేసి ఆథ్ లాగ్‌ను (లాగిన్‌ల నమోదు) చూడండి. ప్రాసెస్ మొదలైందని చెప్పే 4688 మామూలుగా నమోదు కాదు. ఆడిట్ పాలసీలో ఆన్ చేయాలి, కమాండ్ లైన్ కూడా కనబడాలంటే ఇంకో సెట్టింగ్ మార్చాలి. ఇది తెలియక లాగ్ ఖాళీగా ఉందని గంటలు పోగొట్టుకుంటారు. సిస్మాన్‌లో అదే సమాచారం ఈవెంట్ 1లో వస్తుంది. రీబూట్ తర్వాతా మాల్వేర్ నిలవడానికి వాడే చోట్లను రెండింట్లోనూ గుర్తుపట్టడం నేర్చుకోండి: విండోస్‌లో రన్ కీలు (లాగిన్ కాగానే ప్రోగ్రామ్‌ను నడిపే రిజిస్ట్రీ ఎంట్రీలు), షెడ్యూల్డ్ టాస్క్‌లు, సర్వీసులు, లినక్స్‌లో క్రాన్ (వేళకు పనులు నడిపేది), సిస్టమ్‌డీ యూనిట్లు (సర్వీసుల సెట్టింగ్ ఫైళ్లు), ఎస్‌ఎస్‌హెచ్ ఆథరైజ్డ్ కీస్ ఫైల్ (పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ కాగల కీల జాబితా). సర్టిఫికేషన్‌కు ఫీజు కట్టే ఆలోచన ఉంటే ఈ పనులన్నీ నోట్స్ చూడకుండా చేయగలిగాకే కట్టండి.