వెలుగుతో కార్బన్‌ను వదిలే పదార్థాలు: అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం. వెలుగు పడితే కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేసే సూక్ష్మరంధ్రాల పదార్థాలపై పరిశోధన చేస్తానంటోంది. అందులో ఉద్యోగాలు ఉంటాయా? డేటా సైన్స్ చేయమని నేను చెబుతున్నాను. ఏది మేలు?

జవాబు: మీ టెన్షన్ కోర్సు గురించి కాదండీ. పీహెచ్‌డీ అయ్యేసరికి అమ్మాయికి ముప్పై దగ్గరపడతాయి, అప్పటికీ స్థిరపడకపోతే ఎలా అన్నదే మీ భయం. సబ్జెక్టు పేరు మారుతుందంతే, ఈ భయం నా దగ్గరికి తరచూ వస్తుంది.

ఆమె చెబుతున్నది గాలిమాట కాదు. లోహాలనూ కర్బన అణువులనూ కలిపి జాలీలా అల్లిన స్ఫటికాలివి, మాఫ్‌లు (మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌లు) అంటారు. 2025 కెమిస్ట్రీ నోబెల్ వీటికే వచ్చింది. వాయువు అంటుకునేది వాటి లోపలి గోడలకే; గ్రాము పొడిలో ఆ గోడలన్నీ పరిస్తే వేల చదరపు మీటర్లు ఉంటాయి. ఫ్యాక్టరీ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టడానికి ఇప్పుడు పరిశ్రమల్లో అమీన్ అనే రసాయన ద్రావణం వాడతారు, పట్టుకున్న వాయువును అది వదలాలంటే దాదాపు 120 డిగ్రీల దాకా కాచాలి. ఇంధనం అక్కడే ఖర్చయిపోతుంది. జాలీలో అజోబెంజీన్ లాంటి అణువును కూర్చితే, అతినీలలోహిత కాంతికి అది వంగిపోతుంది, జాలీ పట్టు సడలుతుంది, కాచకుండానే కొంత వాయువు బయటికొస్తుంది.

నా అనుమానం ఇక్కడే. చెంచాడు పొడి మీద దీపం వేస్తే బాగానే ఉంటుంది. కుప్ప పోస్తే వెలుగు పైపొరతోనే ఆగిపోతుంది, అడుగున చీకటే. పొగలో తేమ ఉంటుంది, చాలా మాఫ్‌లు దాన్ని తట్టుకోలేవు. అందుకే ‘కార్బన్ క్యాప్చర్’ అని పేరు తగిలించిన పీజీ కోర్సులో చేరమని నేనెవరికీ చెప్పను. మామూలు కెమిస్ట్రీ పీజీయే చేయనివ్వండి. స్ఫటికాలు పెంచడం, ఎక్స్‌రేతో వాటి నిర్మాణం చూడడం, వాయువు ఎంత పట్టిందో కొలవడం వస్తే బ్యాటరీలు, ఉత్ప్రేరకాలు, మందుల తయారీ అన్నిచోట్లా పని దొరుకుతుంది. ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

ఒక మాట కటువుగానే అంటాను. డేటా సైన్స్ అంటే ఆమెకు ఇష్టమో కాదో మీరు రాయనే లేదు. అడిగారా అసలు? ఇష్టంలేని కోర్సులో చేర్చి, రెండేళ్లయ్యాక ‘శ్రద్ధ లేదు’ అని పిల్లల్నే తిట్టే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. డేటా పని ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. వేల మాఫ్‌లను కంప్యూటర్‌లో జల్లెడపట్టే వాళ్లకు ఈ రంగంలోనే గిరాకీ ఉంది.

ఈ సెలవుల్లో ఆమెను రెండు నెలలు ఏదైనా ల్యాబ్‌కు పంపండి. వారం ఆగి సీసా తెరిస్తే స్ఫటికానికి బదులు బురద కనిపిస్తుంది. మర్నాడు మళ్లీ సీసా కడుక్కుని కూర్చుంటే, ఇక అడ్డు చెప్పకండి.