ఊళ్లో హ్యాకథాన్ పెట్టాలంటే: ప్రైజ్ సంగతి తర్వాత, ముందు సమస్య ఎవరిదో వెతకండి

మీరు అడిగింది ఇదీ: ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లలు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కలిపి ఓ 50 మందితో మీ పట్టణంలో ఫిబ్రవరిలో 24 గంటల హ్యాకథాన్ (టీములుగా కూర్చుని ఏకబిగిన సాఫ్ట్‌వేర్ తయారుచేసే కార్యక్రమం) పెట్టాలనుకుంటున్నారు. ప్రైజ్ 50 వేలు సరిపోతుందా, చీఫ్ గెస్ట్‌గా ఎవర్ని పిలవాలి, మొత్తం ఖర్చు ఎంతవుతుంది అని.

మేం స్నేహితులం కలిసి రాజమండ్రిలో రెండుసార్లు పెట్టాం. మొదటిసారి పరువు పోయినంత పనయింది. రెండోసారి కాస్త కుదిరింది. ఆ మొదటిసారి మేమూ సరిగ్గా మీలాగే ప్రైజ్‌తోనే మొదలుపెట్టాం, అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

అప్పుడు 25 వేలు ప్రైజ్ అని పోస్టర్ వేశాం. జనం బాగానే వచ్చారు. 14 టీములు. వాటిలో ఆరు టీములు తమ ఫైనలియర్ ప్రాజెక్టుకే పేరు మార్చి పట్టుకొచ్చాయని సాయంత్రానికి గానీ మాకు అర్థం కాలేదు. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో చూస్తే మొట్టమొదటి కమిట్‌లోనే, అంటే మొదటిసారి భద్రపరిచిన విడతలోనే, మూడు వేల లైన్ల కోడ్ ఉంది. పొద్దున మొదలుపెట్టినవాళ్లు గంటలో అంత రాయలేరు కదా! అడిగితే "రూల్స్‌లో ఎక్కడా లేదు కదండీ" అన్నారు. నిజమే, మేం రాయలేదు. ముఖం చూసి అటెండెన్స్ వేసే యాప్‌కి ఫస్ట్ ప్రైజ్ వెళ్లింది. జడ్జి గారు ముచ్చటపడింది స్లైడ్లను చూసి. మర్నాడు వాట్సాప్ గ్రూపులో రచ్చ రచ్చ. నెల తర్వాత ఆ యాప్ లింకు నొక్కితే పేజీయే లేదు. కుర్రాడు కోడ్‌ని ప్రైవేట్ చేసేసుకున్నాడు. మా 25 వేలూ పోయాయి, ఊరికి మిగిలింది ఏమీ లేదు.

హ్యాకథాన్ అనే మాట పుట్టినప్పుడు అందులో ప్రైజే లేదు. 1999 జూన్‌లో కెనడాలోని క్యాల్గరీలో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ డెవలపర్లు పది మంది ఒకచోట కూర్చుని పనిచేశారు. సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌ని దేశం దాటించడం మీద అమెరికాలో అప్పుడు ఆంక్షలుండేవి. ఆ చిక్కు లేకుండా పని సాగాలని అమెరికా బయట కలిశారు. చేయాల్సిన పని ఒకటి ఉంది, దాని కోసం మనుషులు వచ్చారు. మేం ముందు మనుషుల్ని పోగేసి, తర్వాత "ఏం చేద్దాం?" అని అడిగాం.

అందుకే రెండో ఏడాది పోస్టర్ జోలికి పోకుండా నెలన్నర ముందు నుంచి ఊళ్లో తిరిగాం. కంప్యూటర్ వల్ల తీరగల ఇబ్బంది ఎవరికుందో వెతకడమే పని. పదకొండు మందిని కలిస్తే ఐదుగురి సమస్యలు రెండు రోజుల్లో ఓ కొలిక్కి వచ్చేలా కనిపించాయి. ఆ ఐదుగురికీ ఒకటే షరతు పెట్టాం: రెండు రోజులూ హాల్లో కూర్చోవాలి, కనీసం పూటకోసారైనా వచ్చి చూడాలి. ఒకాయన కుదరదన్నారు. ఆయన సమస్య ఎంత బాగున్నా పక్కన పెట్టాం.

కడియం వైపు నర్సరీ ఉన్న ఓ పెద్దాయన కథ చెప్పాలి. ఆయన సమస్య వినగానే మా పిల్లలకి ఊపొచ్చింది. ఆకు ఫొటో తీస్తే తెగులేమిటో ఏఐ చెప్పేస్తుంది, అది చేద్దామన్నారు. ఆయన ఓపిగ్గా విని, "బాబూ, తెగులొచ్చిందో లేదో ఆకు చూస్తే నాకే తెలుస్తుంది. ఫోన్ చేసినవాడికి ఏ మొక్క ఏ సైజులో ఎన్ని ఉన్నాయో చెప్పలేక బేరాలు పోతున్నాయి, అది చూడండి" అన్నారు. లెక్కంతా మూడు నోటు పుస్తకాల్లో, సగం ఆయన బుర్రలో ఉంది. పైగా ఒక్కో మొక్కకి మూడు పేర్లు. మనకి కాగితం పువ్వు, ఇంకొకరికి బోగన్‌విలియా, బయటి రాష్ట్రాల వ్యాపారులకి మరో పేరు. నలుగురు పిల్లలు మొదటి పూటంతా కోడ్ ఒక్క లైనూ రాయలేదు, ఎక్సెల్ షీట్లో పేర్ల పట్టిక వేశారు. టీములకి సలహాలిచ్చే మా మెంటర్లలో ఒకతను "ఇదేం హ్యాకథాన్ అన్నా, డేటా ఎంట్రీలా ఉంది" అని నవ్వాడు కూడా. మర్నాడు సాయంత్రానికి ఫోన్‌లో తెరిచే ఒక పేజీ తయారైంది. ఏ పేరుతో వెతికినా మొక్క దొరుకుతుంది, ఎన్ని ఉన్నాయో కనిపిస్తుంది, ఆ జాబితాని వాట్సాప్‌లో పంపొచ్చు. అంతే. పోటీ పెట్టి ఉంటే దానికి ఆఖరి స్థానం వచ్చేదేమో. పెద్దాయన మనవడు ఇప్పటికీ దాన్నే వాడుతున్నాడు.

ఇంకో టీముకి చిన్న లైబ్రరీ పని దొరికింది. నాలుగు వేల పైచిలుకు పుస్తకాల జాబితా ఉంది గానీ అది ఎప్పుడో పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, పాతకాలపు అను తెలుగు ఫాంట్లతో టైపు చేయించింది. ఇప్పటి కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులు. అను పద్ధతిలో అక్షరం కంటికి ఏ ముక్కలుగా కనిపిస్తుందో ఆ ముక్కలు దాస్తారు. ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ వాడే యూనికోడ్ పద్ధతిలో హల్లు, పొల్లు, మళ్లీ హల్లు, దాని మీద గుణింతం ఇలా వరుసగా ఉండాలి. ఒత్తులున్న చోటల్లా ముక్కల్ని ఊడదీసి మళ్లీ పేర్చాలి. అది అయ్యాక వెతుకులాట దగ్గర ఇంకో తలనొప్పి. "సాఫ్ట్‌వేర్" అనే మాటని ఒకరు మధ్యలో కంటికి కనబడని క్యారెక్టర్‌తో కొడతారు, ఇంకొకరు అది లేకుండా కొడతారు. అది లేకపోతే ట కింద వ ఒత్తు పడుతుంది. మనిషి రెండూ ఒకటే అనుకుని చదివేస్తాడు, కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కూలిపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. తెలుగుతో పనిచేసే సమస్య ఒక్కటైనా పెట్టండి. ఇంగ్లీషు ట్యుటోరియల్ చూసి దించుకోవడం కుదరదు, పిల్లలు నిజంగా బుర్ర పెట్టాల్సి వస్తుంది.

ఒక తప్పు రెండోసారి కూడా జరిగింది. రక్తదాతల జాబితా తీసుకున్న టీము అసలు పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఫైల్‌ని పబ్లిక్ రిపాజిటరీలో, అంటే ఎవరైనా చూడగల కోడ్ ఫోల్డర్‌లో పెట్టేసింది. చూసి తీసేయమన్నాం, తీసేశారు. కానీ గిట్ అంటే కోడ్‌లో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్, అందులో ఫైల్ తీసేసినా పాత కమిట్లలో అలాగే ఉంటుంది. చివరికి ఆ రిపాజిటరీ మొత్తం తొలగించి కొత్తది పెట్టాం. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, అంత టెన్షన్. తప్పు నాదే, అసలు డేటా వాళ్ల చేతికి ఇవ్వకూడదు. అదే నిలువు వరుసలతో ఉత్తుత్తి పేర్లు నింపిన ఫైల్ మీరే తయారుచేసి ఇవ్వండి. రిపాజిటరీలన్నీ కూడా మీ గ్రూపు పేరుతో తెరిచిన ఖాతాలో ఉండాలి, ఏ కుర్రాడి సొంత ఖాతాలోనూ వద్దు. కోడ్‌ని ఎవరెలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్, ఎంఐటీయో జీపీఎల్లో ఒకటి ముందే నిర్ణయించి రిజిస్ట్రేషన్ ఫారంలోనే రాయండి. ముందే సిద్ధం చేసుకున్న కోడ్ తేకూడదు, తెస్తే చెప్పి తేవాలి అన్నది కూడా అందులోనే రాయండి.

24 గంటల సంగతి. మొదటిసారి మేం రాత్రంతా పెట్టాం. రాత్రి ఎనిమిదయ్యేసరికి ఇద్దరు తప్ప అమ్మాయిలంతా వెళ్లిపోయారు. హాస్టల్ గేటు మూసేస్తారు, ఇంట్లో ఊరుకోరు. ఆ ఇద్దరి నాన్నగార్లు బయట బండి మీద కూర్చుని ఎదురు చూస్తున్నారు. చూసి సిగ్గేసింది. రాత్రి మూడింటికి రాసిన కోడ్‌లో సగం పొద్దున్నే చెరిపేసుకున్నారు కూడా. రెండోసారి శని, ఆదివారాలు పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా పెట్టాం. ఉద్యోగం చేసే ఆడవాళ్లు కూడా వచ్చారు, ఒకావిడ ఏడేళ్ల పాపని తీసుకొచ్చారు. మీరు ఇంకేం మార్చినా మార్చకపోయినా ఇది మాత్రం మార్చండి.

కరెంటు, నెట్ గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. మామూలు ల్యాప్‌టాప్ చార్జర్ 65 వాట్లు అనుకోండి, 45 పెడితే దాదాపు 2,900 వాట్లు. గోడకుండే చిన్న 6 ఆంపియర్ల సాకెట్ ఒకటి మోయగలిగింది సుమారు 1,380 వాట్లు. అంటే ఒకే సాకెట్‌కి ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతే కుదరదు. మా దగ్గర అసలే నిండుగా ఉన్న లైన్లో ఎవరో టీ కోసం కరెంటు కెటిల్ పెట్టారు, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ స్విచ్ పడిపోయింది. ల్యాప్‌టాప్‌లకి బ్యాటరీ ఉంది, నడిచాయి. రూటర్‌కి లేదు, నెట్ పోయింది. అప్పటి నుంచి రూటర్‌ని యూపీఎస్ మీద పెడుతున్నాం. ఎలక్ట్రీషియన్‌ని ముందు రోజు పిలిచి ఏ సాకెట్ ఏ లైన్ మీద ఉందో చూపించుకోండి.

50 మందంటే ఫోన్లతో కలిపి 100 పరికరాలు. ఇంట్లో వాడే ఒక్క రూటర్ ఆ బరువు మోయలేదు. రెండు మూడు పెట్టి, వాటి వైఫై సెట్టింగుల్లో ఒక్కోదాన్ని 1, 6, 11 చానళ్లకి వేరు వేరుగా మార్చండి, లేకపోతే ఒకదాని సిగ్నల్‌కి ఇంకోటి అడ్డం పడుతుంది. పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు ఇంటి దగ్గరే ఎక్కించుకుని రమ్మనండి. అయినా పదిమంది ఎక్కించుకోకుండానే వస్తారు, వాళ్ల కోసం నాలుగు పెన్‌డ్రైవుల్లో సిద్ధంగా ఉంచండి. అంతకుముందు ఆదివారం రెండు గంటలు గిట్ క్లాసు పెట్టడం కూడా మాకు చాలా కలిసొచ్చింది. మొదటి ఏడాది ఒక మధ్యాహ్నమంతా మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌లకే (ఒకే చోట ఇద్దరు చేసిన మార్పులు ఢీకొనడం) పోయింది.

మెంటర్లు రెండు టీములకి ఒకరు చొప్పున ఉంటే చాలు. నోటితో చెప్పాలి తప్ప టీము కీబోర్డు ముట్టుకోకూడదని వాళ్లకి గట్టిగా చెప్పండి. మనవాళ్లకి సాయం చేయమంటే పక్కకి జరగమని మొత్తం తామే రాసేస్తారు.

ఖర్చు. హాలు ఒక కాలేజీ వాళ్లు ఉచితంగా ఇచ్చారు. అందరికీ రెండు రోజుల మధ్యాహ్న భోజనాలు, రోజుకి 50 ప్లేట్లు, ప్లేటు 120 చొప్పున 12 వేలు. టీ, బిస్కెట్లు, సాయంత్రం బజ్జీలు 4 వేలు. జనరేటర్ 5 వేలు, అదనపు నెట్ 2 వేలు, బోర్డు మార్కర్లు, బ్యాడ్జీలు వగైరా పదిహేను వందలు. మొత్తం 24,500. అంటే మొదటి ఏడాది ప్రైజ్ కింద పోయిన డబ్బుతో రెండో ఏడాది కార్యక్రమం మొత్తం అయిపోయింది. మధ్యాహ్నం బిర్యానీ మాత్రం పెట్టకండి. మేం పెట్టాం. మూడింటి దాకా హాల్లో గురకలే. రెండోసారి అన్నం, పప్పు, వేపుడు, మజ్జిగ.

ఉచితం అంటే ఫారం నింపినవాళ్లలో సగం మంది రారు, మొదటి ఏడాది మా అనుభవం అదే. తర్వాత 100 రూపాయలు డిపాజిట్ తీసుకుని, రెండో రోజు సాయంత్రం తిరిగి ఇచ్చేశాం. ఆ వంద కోసం కాకపోయినా కట్టామన్న గుర్తుతో వస్తారు.

చీఫ్ గెస్ట్ గురించి అడిగారు. మొదటిసారి జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ప్రసంగాలు అయ్యేసరికి పన్నెండున్నర. పిల్లలు ల్యాప్‌టాప్‌లు మూసి చప్పట్లు కొడుతూ కూర్చున్నారు. రెండోసారి ఎవర్నీ పిలవలేదు. ముగింపులో సమస్య ఇచ్చిన నలుగురూ ముందు వరుసలో కూర్చున్నారు. ఒక్కో టీముకి ఐదు నిమిషాలు, స్లైడ్లు లేవు. సమస్య ఎవరిదో వాళ్లే ఫోన్ చేత్తో పట్టుకుని వాడి చూడాలి. నర్సరీ పెద్దాయన "కాగితం పువ్వు" అని కొట్టారు, వచ్చింది. తర్వాత పిల్లలు అనుకోని పేరేదో కొట్టారు, రాలేదు. "ఇదీ రాసుకోండి" అన్నారు. అంతకన్నా మంచి జడ్జిమెంట్ నేను వినలేదు. ప్రైజ్ బదులు ప్రతి టీముకీ ఆయనే ఒక్కో మొక్క ఇచ్చారు. మీకు ప్రైజ్ తప్పదనుకుంటే అది చిన్నదిగా ఉంచి, మూడు నెలల తర్వాత కూడా ఎవరో ఒకరు వాడుతున్న దానికే ఇస్తామని చెప్పండి. మేం ఈసారి అలా చేద్దామనుకుంటున్నాం, ఎలా ఉంటుందో చూడాలి.

ఫిబ్రవరి అన్నారు కదా, తేదీ ఖరారు చేసే ముందు కాలేజీ పరీక్షలతో పాటు పంచాంగం కూడా చూసుకోండి. మాది మాఘమాసం ముహూర్తాల్లో పడింది. హాలు పక్కనే కల్యాణ మండపం. ఆదివారం డెమోలు మొదలయ్యే వేళకి బ్యాండు మేళం అందుకుంది, ఒక టీము తమ యాప్ గురించి మొత్తం సైగలతోనే వివరించింది.