నగరాల క్లైమేట్ ప్లానింగ్‌లో కెరీర్: మ్యాప్ గీయడం వస్తే చాలా?

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మినీ ప్రాజెక్టుగా ఒక నగరానికి ముంపు మ్యాప్ తయారుచేశాను. వరదలు, వడగాలుల నుంచి నగరాలను కాపాడే ప్లానింగ్ రంగంలోకి వెళ్లాలని ఉంది. కానీ దీని గురించి ఎక్కడ చదివినా సమన్యాయం, బలహీన వర్గాల భాగస్వామ్యం అన్న మాటలే కనిపిస్తున్నాయి. అది ఇంజినీర్లు చేసే పనేనా? క్లైమేట్ అన్న పేరుతో కోర్సు చేస్తే ఉద్యోగం దొరకదని నాన్న టెన్షన్ పడుతున్నారు. పీజీలో ఏం చదవాలి?

జవాబు: ముందు మీ నాన్నగారి సంగతి. ఆయన మాటలో సగం నిజముంది. 2013లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ అనే అమెరికా దాతృత్వ సంస్థ ‘100 రెసిలియంట్ సిటీస్’ అనే కార్యక్రమం మొదలుపెట్టి, ఎన్నో నగరాల్లో చీఫ్ రెసిలియన్స్ ఆఫీసర్ (విపత్తులను తట్టుకునేలా నగరాన్ని సిద్ధం చేసే అధికారి) అనే కొత్త పదవికి డబ్బు సమకూర్చింది. 2019లో దాన్ని మూసేసింది. బయటి నిధులతో పుట్టిన పదవికి ఆ నిధులు ఆగిపోతే గండమే. అందుకే పదవి పేరును నమ్ముకుని కెరీర్ కట్టుకోవద్దు. ఆ పేరు వెనకున్న పనులు మాత్రం ఎక్కడికీ పోవు. వాననీటి కాలువలు, తాగునీరు, ఇళ్లు, ప్రజారోగ్యం, ఏ భూమిలో ఏం కట్టాలన్న నిర్ణయం... ఇవి లేని నగరం లేదు. ఈ పనుల్లో ఏదో ఒకటి గట్టిగా వచ్చినవాళ్లే క్లైమేట్ ప్లానింగ్‌లోనూ నిలబడతారు.

ఇక మీ అసలు ప్రశ్న. సమన్యాయం ఇంజినీర్ పనేనా? మీరు గమనించకపోయినా అది మీ ఎక్సెల్ షీట్‌లోనే ఉంది. ఒక లెక్క చూడండి. ఒకే కాలువకు సరిపడా బడ్జెట్ ఉంది. మొదటి కాలనీలో 100 ఇళ్లు, వరదొస్తే ఇంటికి 50 యూనిట్ల నష్టం (యూనిట్ అంటే ఇంత డబ్బు అని అనుకోండి). మొత్తం 5,000. రెండో బస్తీలో 800 ఇళ్లు, ఇంటికి 4 యూనిట్ల నష్టం. మొత్తం 3,200. ఆస్తి నష్టమే కొలబద్ద అయితే కాలువ మొదటి కాలనీకే వెళ్తుంది. కూడికలో ఎక్కడా తప్పు లేదు, ఎవరూ పక్షపాతం చూపలేదు. కానీ మొదటి కాలనీలో 50 యూనిట్లంటే ఒక నెల జీతం, అందులో కొంత బీమా కంపెనీ ఇస్తుంది. రెండో చోట 4 యూనిట్లంటే రెండు నెలల కూలి. దాన్ని అప్పుతెచ్చి పూడ్చుకోవాలి. పైగా నీళ్లు తీసేదాకా పోయిన పనిదినాలు ఈ లెక్కలోకి రానేలేదు. ప్రపంచ బ్యాంకు 2016లో సరిగ్గా ఈ పద్ధతినే ప్రశ్నించింది. ఆస్తులతో పాటు జనం జీవనం మీద పడే దెబ్బనూ కలిపితే, ప్రకృతి విపత్తుల నష్టం మామూలు అంచనాల కంటే 60 శాతం ఎక్కువని, ఏడాదికి 52,000 కోట్ల డాలర్లని తేల్చింది. కొలబద్ద మారితే కాలువ దారి మారుతుంది. ఆ కొలబద్దను ఎంచుకునేది ఇంజినీరే.

మ్యాప్ చూపించలేని విషయాలు కొన్ని ఉంటాయి. 1995 జులైలో షికాగోలో వచ్చిన వడగాలికి మామూలు కంటే 739 మంది ఎక్కువగా చనిపోయారు. పక్కపక్కనే ఉన్న నార్త్ లాండేల్, సౌత్ లాండేల్ ప్రాంతాల్లో పేద వృద్ధులు, ఒంటరి వృద్ధుల సంఖ్య దాదాపు సమానమే. కానీ మరణాల రేటు మాత్రం మొదటి చోట పదింతలు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త అక్కడ తిరిగి కారణం వెతికారు. సౌత్ లాండేల్ వీధులు దుకాణాలతో, మనుషులతో కళకళలాడుతుండేవి. వృద్ధులు బయటికి వచ్చేవారు, కనిపించకపోతే ఆరా తీసేవాళ్లు ఉండేవారు. నార్త్ లాండేల్‌లో ఖాళీ స్థలాలు, మూతపడ్డ షాపులు, తలుపులు వేసుకుని లోపలే ఉండిపోయిన వృద్ధులు. ఉపగ్రహం ఎంత స్పష్టంగా ఫొటో తీసినా ఇది దొరకదు.

అలాగని మ్యాప్ పనికిరాదనడం లేదు. అమెరికాలో 108 నగరాల మీద 2020లో వచ్చిన అధ్యయనం ఉపగ్రహ ఉష్ణోగ్రతల మీదే నడిచింది. 1930లలో బ్యాంకు అప్పులకు ‘ప్రమాదకరం’ అని ఎర్రగీత గీసిన వాడలు (నల్లజాతివారి వాడలు చాలావరకు ఇందులోకే వచ్చాయి) నేటికీ 94 శాతం నగరాల్లో మిగతా ప్రాంతాల కంటే వేడిగా ఉన్నాయని తేలింది. ఎనభై ఏళ్లు దాటిన ఒక ఆఫీసు కాగితం ఇవాళ్టి ఎండలో కనిపిస్తోందన్నమాట. పాత రికార్డును కొత్త మ్యాప్ మీద పెట్టి చూడాలన్న ఆలోచనే ఇక్కడ అసలు నైపుణ్యం.

పరిష్కారాలూ ఎదురు తిరగొచ్చు. ఒక ఒడ్డున గోడ కడితే నీరు అవతలి ఒడ్డుకు ఎక్కుతుంది. చెట్లు, పార్కు వస్తే అద్దెలు పెరిగి, ఎవరి కోసం వేశామో వాళ్లే ఖాళీ చేసి వెళ్లాల్సి రావచ్చు. వడగాలి హెచ్చరికల సంగతీ అంతే. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో 1,344 అదనపు మరణాలు నమోదయ్యాక, 2013లో ఆ నగరం వడగాలుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. రంగుల హెచ్చరికలు, వైద్య సిబ్బందికి శిక్షణ వంటివి అందులో ఉన్నాయి. మంచి పనే. కానీ మధ్యాహ్నం పని మానేయమని మెసేజ్ వస్తే, ఆ పూట కూలి ఎవరిస్తారు? అందుకే ‘సేవా’ అనే మహిళా కార్మికుల సంఘం, ఎండ ఒక హద్దు దాటితే సభ్యుల ఖాతాల్లో కొంత డబ్బు పడేలా బీమా ఏర్పాటు చేసింది. వాతావరణ డేటా, బీమా గణితం, కూలి లెక్క మూడూ కలిసిన పని ఇది. ఇలాంటి చోట్ల పనిచేసే టీమ్‌లోకి వెళ్లాలంటే మీకు కనీసం ఒకటి బాగా రావాలి, మిగతావాళ్ల భాష అర్థం కావాలి.

చదువు విషయానికొస్తే, మీకు రెండు దారులు. జలవనరుల ఇంజినీరింగ్‌లో పీజీ చేసి ప్లానింగ్ సబ్జెక్టులు ఎలక్టివ్‌గా తీసుకోవడం ఒకటి. పట్టణ ప్రణాళికలో పీజీ చేసి, హైడ్రాలజీ (నీటి ప్రవాహాల శాస్త్రం) మీద పట్టు వదలకుండా ఉండటం రెండోది. లెక్కలు ఇష్టమైతే మొదటిది, మనుషులతో, ఫైళ్లతో, వాదోపవాదాలతో ఓపిక ఉంటే రెండోది. నా మొగ్గు రెండోదాని వైపే. ఎందుకంటే ఇంజినీరింగ్ పునాది మీకు ఇప్పటికే ఉంది. కోర్సు పేరు కంటే అక్కడి విద్యార్థుల థీసిస్ అంశాలు చూడండి. ఫీల్డ్‌కు పంపుతారా, పంపితే ఎన్ని వారాలో అడగండి. గత రెండు బ్యాచ్‌లవాళ్లు ఎక్కడ చేరారో వాళ్లనే సంప్రదించి తెలుసుకోండి. నగరపాలక సంస్థలు, ఇంజినీరింగ్ కన్సల్టెన్సీలు, అభివృద్ధి బ్యాంకులు, బీమా సంస్థల రిస్క్ విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు ఈ రంగంలో ఉద్యోగాలిచ్చేవి. మొదటి ఉద్యోగం ఏ వాననీటి కాలువల డిజైన్‌లోనో దొరికినా చిన్నచూపు చూడొద్దు.

సాఫ్ట్‌వేర్ కోసం డబ్బు పెట్టక్కర్లేదు. మ్యాపులకు క్యూజీఐఎస్, నదీ వరదల లెక్కకు హెక్-రాస్, వాననీటి కాలువల లెక్కకు స్వమ్, మూడూ ఉచితం. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ డేటా కూడా 2008 నుంచి ఉచితమే. ఒక్క జాగ్రత్త. అది చెప్పేది నేల, పైకప్పుల ఉపరితల వేడిని. రేకుల ఇంట్లో రాత్రిపూట మనిషి భరించే వేడి వేరు. ఈ తేడా ఇంటర్వ్యూలో చెప్పగలిగితే మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

మీ ముంపు మ్యాప్‌ను అక్కడితో వదిలేయకండి. దాని మీద జనగణన వివరాలు వేయండి: అద్దె ఇళ్లెన్ని, ఒంటి గది ఇళ్లెన్ని, మరుగుదొడ్డి లేనివెన్ని. తర్వాత రెండు చోట్లకు వెళ్లి జనాన్ని అడగండి. సాయంత్రం పూట వెళ్లండి. పనిదినాల్లో ఉదయం పదకొండింటికి పెట్టే ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చేది తీరిక ఉన్నవాళ్లే, కూలికి వెళ్లినవాళ్ల మాట అందులో నమోదు కాదు. మీ మ్యాప్ చెప్పినదానికీ వాళ్లు చెప్పినదానికీ ఎక్కడ తేడా వచ్చిందో ఇంజినీరు కానివాళ్లకు అర్థమయ్యేలా రెండు పేజీల్లో రాయండి. దాన్నే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా పెంచొచ్చు. సామాజిక శాస్త్రాల విభాగం నుంచి ఒకరిని కో-గైడ్‌గా ఇవ్వమని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. కాలేజీలో ఆ విభాగం లేకపోతే దగ్గర్లోని యూనివర్సిటీలో ప్రయత్నించండి, అనుమతి కాగితాలకే ఒక సెమిస్టర్ పట్టొచ్చు.