అల్లుడూ, ఓవర్‌టేక్ కాడ పైలం

అల్లుడూ,

పాత స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారు కొంటున్నవని అక్క ఫోన్ జేసి చెప్పింది. నీ సొంత పైసలతోని కొంటున్నవంటే ఛాతి ఉప్పొంగింది. జడ్చర్ల నుంచి కల్వకుర్తి దాక రోజూ దాని మీదనే తిరుగుతవన్నంక గుండె గుబేలుమన్నది.

2004ల వచ్చిన ఆ 1.8 లీటర్ల టర్బో (పొగ బలంతోని తిరిగి ఇంజిన్లకు గాలి నూకే పంకా) ఇంజిన్‌కు 150 హార్స్‌పవర్, 210 ఎన్ఎం టార్క్ (గుంజే బలం). ఇప్పటి ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5కు గూడ 150 హార్స్‌పవరే, టార్క్ 250. అయినా నడిపితే పాతదే జోరుగున్నట్టు అనిపిస్తది. ఆలస్యంగ వచ్చిన బలం ఒక్కసారి తెలుస్తది గద, దాన్నే మనం స్పీడ్ అనుకుంటం.

అసలు భయం అక్కడ్నే ఉన్నది. పాతదానికి 1,750 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) కాడ్నే టార్క్ అని కాగితం మీద ఉంటది. అది బూస్ట్ (టర్బో నూకే గాలి ఒత్తిడి) మొత్తం నిండినంక కొలిచిన లెక్క. నాలుగో గేర్ల 50 కిలోమీటర్ల స్పీడ్ మీద పోతా ఒక్కసారి తొక్కితే, ముందుగాల టర్బోల ఉండే టర్బైన్ చక్రం తిరగాలె, గాలి బంపర్ మూలకున్న ఇంటర్‌కూలర్ (ఆ గాలిని సల్లార్చేది) దాటి రావాలె. అందాక బండి గుంజదు. మస్తు మంది అప్పటికే లారీ పక్కకు వచ్చేసి ఉంటరు, రాలేదని ఇంకా గట్టిగ తొక్కుతరు. ఎదురుంగ బస్సు కనబడేటాల్లకు బూస్ట్ వస్తది. అప్పుడు ముందుకు పోనీకి దూరం చాలదు, వెనుకకు తగ్గనీకి జాగ ఉండదు. నువ్వు గట్ల చెయ్యకు బిడ్డా. లారీకి దూరంగ ఉండంగనే గేర్ దించు, 50 మీదుంటె రెండో గేరే పెట్టు, సిగ్గుపడకు. 3,000 ఆర్‌పీఎం దాటి బూస్ట్ నిండినంక, రోడ్డు సాఫ్‌గ కనబడితేనే బయటికి రా.

కొత్తదాన్ల టర్బో చిన్నది, వేస్ట్‌గేట్‌ను (బూస్ట్‌ను అదుపు జేసే తలుపు) మోటర్ తిప్పుతది, ఇంటర్‌కూలర్ నీళ్లతోని చల్లారుతది, గాలి దారి పొట్టిది. 1,600 నుంచి 3,500 దాక 250 ఎన్ఎం నిండుగ ఉంటది. మన ఎండలకు గూడ అదే మేలు. ఆరో గేర్ల 1,200 ఆర్‌పీఎం మీద పెడల్ నేలకు తొక్కకు, ఇంజిన్ తట్టుకోదు. కొంటె మాన్యువలే కొను.

పాతదే కావాలంటవా? ఇంజిన్ సల్లగున్నప్పుడు స్టార్ట్ జేసి, రెండు నిమిషాలు ఐడిల్‌ల ఉంచి రేస్ చెయ్యి. నీలి పొగ వస్తె టర్బో సీల్‌నో, వాల్వ్ సీల్స్‌నో అనుమానించు. టర్బో షాఫ్ట్ ముందుకెనుకకు ఆడితె ఒద్దు. వ్యాక్యూమ్ పైపులు, డైవర్టర్ వాల్వ్ (పెడల్ ఒదిలినప్పుడు బూస్ట్ గాలిని మళ్లించేది) చూడు. టైమింగ్ బెల్ట్ బిల్లు లేకుంటె బెల్ట్, వాటర్ పంప్ కలిపి మార్పించినంకనే నడుపు. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతయి. ఆయిల్ ఫోక్స్‌వ్యాగన్ 502.00 గుర్తున్న 5డబ్ల్యూ-40 పొయ్యి. పాత టర్బో మీద రీమ్యాప్ (పవర్ పెంచనీకి ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్చుడు) మాటనే ఎత్తకు.

2004 బండికి 2019ల 15 ఏండ్లు నిండినయి. ఆ తర్వాత ఐదేండ్లకోసారి ఫిట్‌నెస్ అయినంకనే ఆర్‌సీ నడుస్తది, తేదీ చూసుకో.

బయానా ఇచ్చే ముందు నాకు చెప్పు. పొద్దుగాల్నే వస్త. నేనొచ్చేదాక బండి స్టార్ట్ చెయ్యొద్దని అమ్మెటోనికి చెప్పు.

మీ మామ