నోట్లో పొయ్యకు, బుజ్జమ్మా

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి.

బుజ్జమ్మా,

నిన్న మీ అమ్మ చెప్పింది. నీతో పనిచేసే అమ్మాయి ఉద్యోగం మారి వెళ్లిపోతూ తన కాకటీల్ చిలకని ఎవరికైనా ఇచ్చేస్తానంటే నువ్వు గదికి తెచ్చుకున్నావట. అది ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చుంటోందట. డాక్టరుకి చూపిస్తే సిరంజితో పట్టమని మందిచ్చి, ఇంట్లోనే జాగ్రత్తగా చూసుకోమన్నారట. "బావగారూ, దానికి మీరైనా చెప్పండి, ఉద్యోగం చేసుకుంటుందా, పిట్టకి సేవలు చేస్తుందా" అని మీ అమ్మ నా మీద పడింది. చెబుతాలే అన్నాను.

చెప్పడమంటే మానెయ్యమని కాదే. మన ఇంట్లో చిలక మాట వినపడి ముప్పై ఏళ్లు దాటిపోయింది. మళ్లీ ఒకదాన్ని తెచ్చింది నువ్వు, అదీ రోగంతో ఉన్నదాన్ని, ఎవరూ వద్దన్నదాన్ని. లోపల గర్వంగానే ఉంది. కానీ మీ అమ్మ ఆ సిరంజి మాట అన్న దగ్గర్నుంచీ నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. అందుకే ఫోన్లో కాకుండా కూర్చుని రాస్తున్నాను.

ముందు చిన్న పనులు చెప్పేస్తాను. వెచ్చగా ఉంచు. పిట్ట ఒంటి వేడి మనకంటే ఎక్కువ, 40 డిగ్రీల పైమాటే. జబ్బు చేస్తే ఆ వేడి నిలుపుకోడానికే దాని శక్తంతా అయిపోతుంది, ఆ ఉబ్బించుకోవడం అందుకే. పంజరం దగ్గర 30 డిగ్రీలు ఉండేలా చూడు. బల్బు పెడితే పంజరం బయట, ఒక పక్కనే పెట్టు, రెండో పక్క చల్లగా వదిలెయ్యి. ఎటు కూర్చోవాలో అదే చూసుకుంటుంది. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టిందంటే వేడి ఎక్కువైనట్టు. కరెంటు పోతే ఏం చెయ్యాలో నీకు నేను చెప్పక్కర్లేదు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు సీసాల్లో వేణ్ణీళ్లు పోసి పాత చీర ముక్కలు చుట్టి కోడిపిల్లల మధ్య పెట్టింది నువ్వే.

కూర్చునే కర్ర కిందికి దించు, మేతా నీళ్లూ దాని ముక్కు దగ్గరికే తీసుకెళ్లు. రాత్రి పది పన్నెండు గంటలు చీకటి ఉండాలి, ఫోన్ వెలుగు కూడా పడకూడదు. అప్పుడు బల్బు ఆర్పేసి, గుడ్డ చుట్టిన వేణ్ణీళ్ల సీసాలు పెట్టు. అడుగున పాత పేపరు వేసి రోజూ మార్చు, మార్చేముందు రెట్ట చూడు. అసహ్యించుకోకు, డాక్టరు మొదట అడిగేది అదే. ముదురాకుపచ్చ ముద్ద, తెల్ల సున్నం, చుట్టూ కొంచెం నీరు, ఈ మూడూ ఉండాలి. ముద్ద చిన్నదైపోయి, రెట్టలు తగ్గిపోతే కడుపులోకి ఏమీ పోవడంలేదని అర్థం.

ఇక్కడొక మోసం ఉంది. కొర్రలు వేసిన గిన్నె సాయంత్రం కూడా నిండుగా కనపడితే ఇంకా మేత ఉందనుకుంటాం. గింజ తినేసి పొట్టు అక్కడే వదిలేస్తుంది. ఒక్కసారి ఊదు, పొట్టంతా లేచిపోతే అడుగున గింజే ఉండదు. అలాగే అస్సలు తినకపోయినా గిన్నె నిండుగానే ఉంటుంది. కాబట్టి గిన్నెని నమ్మకు, తూకాన్ని నమ్ము. రోజూ పొద్దున్నే, మేత పెట్టకముందే, గ్రాముల్లో తూచి రాసుకో. కాకటీల్ ఇంచుమించు 80 నుంచి 100 గ్రాములుంటుంది. అందులో పది గ్రాములు తగ్గిందంటే మనిషి ఆరు కిలోలు తగ్గినట్టు. పిట్టలు జబ్బుని దాస్తాయి, పైకి తెలిసేటప్పటికే సగం దాటిపోతుంది.

ఇప్పుడు ఆ సిరంజి సంగతి.

1987. అప్పటికింకా గజపతి జిల్లా లేదు, మనది గంజాం. పశువుల ఆసుపత్రిలో నా ఉద్యోగానికి రెండేళ్లు. ఊళ్లమీదికి వెళ్తే ఒడియా వాళ్లు 'గోరు డాక్టర', అంటే పశువుల డాక్టరు, అని పిలిచేవారు. నేను డాక్టర్ని కాదని చెప్పాల్సింది, ఎప్పుడూ చెప్పలేదు. మీ నాన్నకి పన్నెండేళ్లు. వాడి దగ్గరొక రామచిలక ఉండేది. పక్కింటి ఒడియా వాళ్లు దాన్ని 'శువా' అనేవారు, మేమూ అదే పేరు పెట్టుకున్నాం. (ఇప్పుడు రామచిలకని పంజరంలో పెడితే వన్యప్రాణి చట్టం కింద నేరం. నీది ఆస్ట్రేలియా జాతి, పంజరాల్లోనే పుట్టి పెరిగేది, ఆ చిక్కు లేదు.) మీ నాన్న బడి నుంచి వచ్చే వేళకి అది 'చిన్నా' అని పిలిచేది. ఆ పిలుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆ ఏడు చలికి రెండ్రోజులు మేత ముట్టలేదు. నేను క్యాంపు నుంచి వచ్చేసరికి మీ నాన్న పంజరం పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. "అన్నయ్యా, నువ్వు చూడు" అన్నాడు. నాకు తెలిసిన వైద్యం ఒకటే. ఎద్దు మందు తాగకపోతే తల ఎత్తించి, దవడ పక్కనుంచి వెదురు గొట్టం పెట్టి పట్టేవాళ్లం. వందల పశువులకి పట్టాను. తల మరీ ఎత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుందని నాకు తెలుసు. తెలిసినవాణ్ణే.

చోడి అంబలి పలచగా కాయించాను. మీ నాన్న తన ఇంకు ఫిల్లరు వేణ్ణీళ్లలో మూడుసార్లు కడిగి తెచ్చాడు. నేను చిలకని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను, గోళ్లతో రక్కుతుందని. ముక్కు పైకెత్తి, ఫిల్లరు నాలుక మీద పెట్టి రబ్బరు నొక్కాను. ఒకటి పోయింది. రెండోదీ పోయింది. మూడోదానికి దాని ముక్కు మీద చిన్న బెజ్జంలోంచి అంబలి బుడగ ఒకటి వచ్చి పగిలింది.

"తాగింది అన్నయ్యా!" అని మీ నాన్న చప్పట్లు కొట్టాడు.

తాగిందనే అన్నాను నేను కూడా. అప్పటికే నా చేతిలో అది బరువు మారింది. ఒక రెక్క సగం విప్పి మళ్లీ మూసుకోలేదు. తర్వాత, "జబ్బు ముదిరిపోయిందిరా, మనం చేసేదేం లేదు" అన్నాను. వాడు నమ్మాడు. పెద్దవాణ్ణి, డాక్టర పని చేసేవాణ్ణి, నమ్మక ఏం చేస్తాడు?

మర్నాడు ఆసుపత్రిలో మా డాక్టరుగారికి చెబితే ఒక కోడిని తెప్పించి నోరు తెరిచి చూపించారు. నాలుక మొదట్లోనే గాలిగొట్టం బెజ్జం, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. మనకున్నట్టు దాని మీద రేకు మూత లేదు. నాలుక మీద పోసింది నేరుగా అందులోకి పోతుంది. ఇంకోమాట కూడా అన్నారు: పిట్ట రొమ్ము ముందుకీ వెనక్కీ ఆడితేనే ఊపిరి ఆడుతుంది, గుప్పిట బిగిస్తే అది ఆగిపోతుంది. అంటే నేను రెండు రకాలుగా చంపాను.

అందుకని నీళ్లు గానీ, అంబలి గానీ, గ్లూకోజు గానీ నీ అంతట నువ్వు నోట్లో పొయ్యకు. ఎంత జాలేసినా పొయ్యకు. మేత ముట్టకపోతే డాక్టరు దగ్గరికే తీసుకెళ్లు. ఇచ్చిన మందైతే, మళ్లీ వెళ్లి ఆయన్నే నీ ముందు ఒకసారి పట్టమను, రెండోసారి నువ్వు పడుతుంటే చూడమను. సిగ్గుపడకు. తువ్వాల్లో వదులుగా చుట్టి, నిటారుగా పట్టుకుని, తల మాత్రం రెండు వేళ్ల మధ్య ఉంచుకో, రొమ్ము మీద చెయ్యి వెయ్యకు. సిరంజి మొన దాని ఎడమ పక్కనుంచి కుడి వైపుకి ఉండాలి. ఒక్క చుక్క, మింగేదాకా ఆగు, మళ్లీ ఒక్క చుక్క. కక్కినా, తల విదిల్చినా వదిలెయ్యి. ఆ పూట మందు పోతే పోనీ.

నీ గది సంగతి కూడా తెలుసు నాకు. గ్యాస్ పొయ్యీ మంచమూ ఒకేచోట. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగ మనకి వాసన కూడా తెలియదు, పిట్ట నిమిషాల్లో పోతుంది. ఆ పెనం బయట పెట్టెయ్యి. దోమల కాయిలు, అగరొత్తులు, సాంబ్రాణి, అన్నీ కొన్నాళ్లు మానుకో. దేవుడు ఏమీ అనుకోడు. టీ, కాఫీ, చాక్లెట్, అవకాడో దాని దరికి రానీకు. మన జ్వరం బిళ్ల పొడి చేసి పెట్టకు.

ముక్కుకి ముక్కు ఆనించి ముద్దులాడుతున్నావని కూడా విన్నాను. సిగ్గులేదూ? చిలకల నుంచి మనుషులకి అంటుకునే ఊపిరితిత్తుల జబ్బొకటి ఉంది. రెట్ట ఎండి పొడి లేవకుండా ముందు పేపరు తడిపి, మూతికి మాస్కు కట్టుకుని తియ్యి, చేతులు సబ్బుతో కడుక్కో. నీకు జ్వరమొస్తే డాక్టరుకి ఇంట్లో పిట్ట ఉందని ముందే చెప్పు. చిలకకి ఏమైనా ఏడుస్తాం, నీకేమైనా అయితే మీ నాన్న ముఖం నేను చూడలేను.

నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ఊపిరితోపాటు తోక పైకీ కిందికీ ఊగుతున్నా, పంజరం అడుగున కూర్చుని లేవకపోయినా పొద్దుటిదాకా చూద్దామనుకోవద్దు. నువ్వుండే రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా వెళ్తే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. పిట్టల్ని చూసేవాళ్లు ఏ రోజుల్లో ఉంటారో ఈ వారంలోనే కనుక్కుని గోడ మీద రాసి పెట్టుకో.

మన వీధి కుర్రాడు పొద్దున్నే రాయగడ వస్తున్నాడు, వాడి చేతికి ఈ ఉత్తరమూ, వంటింటి చిన్న తూకమూ ఇచ్చాను. ఇచ్చేముందు ఇది మీ నాన్నకి చదివి వినిపిద్దామని రెండుసార్లు వాడి గది దాకా వెళ్లాను. రెండోసారి నన్ను చూసి వాడే అడిగాడు: "బుజ్జమ్మ చిలక మేత తిందటా?"

తూకం అందగానే తూచి ఎన్ని గ్రాములుందో ఫోన్ చెయ్యి. నాకు కాదు, మీ నాన్నకి చెయ్యి. నేను పక్కనే ఉంటాను.

మీ పెదనాన్న